ఫిబ్రవరి దాకా నిలిచేవి ఎన్ని?

చలి మొదలైందంటే హైదరాబాదు పత్రికల్లో అమీన్‌పూర్ చెరువు ఫొటో ఒకటి రావాల్సిందే. నీళ్లలో బారులు తీరిన ఫ్లెమింగోలు, గట్టు మీద కెమెరాలు, కింద విదేశీ అతిథుల గురించి రెండు ముక్కలు. ఆ చెరువుకి ఆ గౌరవం తగనిదేమీ కాదు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరంలోని నీటి వనరుకి ఆ గుర్తింపు దక్కడం దేశంలో అదే మొదలు. అయితే సరిగ్గా అవే వారాల్లో, బంజారాహిల్స్‌కీ జూబ్లీహిల్స్‌కీ నడుమ ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంలో, అంటే జనం నోట కేబీఆర్ పార్కులో, ఇంకో తరహా వలస పక్షులు దిగుతాయి. వాటిలో ఎక్కువ భాగం గుప్పిట్లో పట్టేంత చిన్నవి. పాచిరంగు వీపు, మాసిన తెలుపు పొట్ట, కంటి మీద సన్నటి గీత, అంతకుమించి చెప్పుకోదగ్గ అలంకారం లేదు. పొద్దున్నే పార్కు చుట్టూ నడిచే వేలమందికి తల పైన, వేప కొమ్మల్లో ఆకు ఆకూ గాలిస్తూ ఉంటాయి. వీటి ఫొటో ఏ పత్రికా వేయదు. కానీ నగరం నడిబొడ్డున మిగిలిన ఒక అడవి ముక్క ఎంత బాగుందో, ఎంత పాడైందో చెప్పగల సాక్షులు చెరువులోని ఫ్లెమింగోల కంటే ఇవే. ఆ సాక్ష్యం రాబట్టాలంటే మాత్రం మన లెక్క పద్ధతి కాస్త మార్చుకోవాలి. చలికాలంలో పార్కులో ఎన్ని జాతులు కనిపించాయన్నది చాలదు. వచ్చిన పక్షి చలికాలం చివరిదాకా అక్కడ నిలిచిందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఈ అధ్యాయం ఆ ప్రశ్న గురించే.

ముందు ఎవరెవరు వస్తారో చూద్దాం. గ్రీనిష్ వార్బ్లర్ అనే పిట్ట బరువు ఏడెనిమిది గ్రాములు. దాని గూళ్లు ఈశాన్య యూరప్ నుంచి సైబీరియా దాకా, ఇటు హిమాలయాల్లోనూ ఉంటాయి. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ దానికంటే కాస్త పెద్దది, గోధుమరంగుది, పొదల లోపల 'చెక్ చెక్' మంటూ వినిపించడమే తప్ప బయటికి రాదు. అది ఫిన్లండ్ నుంచి మధ్య ఆసియా దాకా పిల్లల్ని పెంచి, చలికాలానికి దాదాపు అంతా భారత ఉపఖండానికే చేరుతుంది. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ మరీ విచిత్రమైన ప్రయాణికురాలు. తూర్పు యూరప్‌లో పుట్టిన చిన్న పిట్ట ఆఫ్రికాకు పోతుందని ఎవరైనా అనుకుంటారు. ఇది మాత్రం ఆగ్నేయానికి తిరిగి భారతదేశానికి వస్తుంది. వీటికి తోడు బండల దగ్గర, తడి ఉన్నచోట గ్రే వాగ్‌టెయిళ్లు తోకలు ఊపుతూ తిరుగుతాయి. వీటన్నిటి క్యాలెండరు ఒకసారి చూడండి. గ్రీనిష్ వార్బ్లర్లు దక్కనులో సెప్టెంబరు నుంచే కనిపిస్తాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. అంటే ఏడాదిలో ఏడెనిమిది నెలలు. పుట్టినచోట గూడు కట్టి, పిల్లల్ని ఎగరేసే పని రెండు మూడు నెలల్లో ముగుస్తుంది, మిగిలింది దారి. ఒక జీవి ఏడాదిలో సగానికి పైగా ఎక్కడ గడుపుతుందో అక్కడే దాని బతుకు ఎక్కువ భాగం నిర్ణయమవుతుందని అనుకోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. అయినా పక్షిశాస్త్రం చాలాకాలం గూటి చుట్టూనే తిరిగింది. గుడ్లు లెక్కపెట్టొచ్చు, పిల్లల్ని తూకం వేయొచ్చు. చలికాలపు పక్షి పొద్దస్తమానం తింటుంది, రాత్రికి నిద్రపోతుంది. దాన్ని చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

జరిగేది చాలానే ఉంది. దాన్ని పట్టించుకున్న తొలి పరిశోధనల్లో ఒకటి మన తూర్పు కనుమల్లోనే జరిగింది. ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రవేత్త ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో పక్షుల రుతుక్రమం మీద 1979లో ఒక పెద్ద వ్యాసం, గ్రీనిష్ వార్బ్లర్ చలికాలపు జీవితం మీద 1981లో మరొకటి ప్రచురించాడు. ఈ పిట్టలు చలికాలంలో గుంపుగా దేశదిమ్మరుల్లా తిరగవు. ఒక్కొక్కటి కొన్ని చెట్ల మేర తన హద్దు గీసుకుంటుంది. 'టిస్లీ' అన్న రెండక్షరాల పిలుపుతో ఆ హద్దు చాటుకుంటుంది, ఇంకో వార్బ్లర్ వస్తే తరుముతుంది. గూడు లేదు, జత లేదు, పిల్లలు లేరు. మరి ఈ కాపలా దేనికి? తిండికి. హద్దు కాయడమంటే పిలుపుకీ పోట్లాటకీ శక్తి ఖర్చు. పురుగులు ఎక్కడ పడితే అక్కడ పుష్కలంగా ఉంటే ఆ ఖర్చు దండగ. అసలేమీ లేకపోయినా దండగే. కాపలా కాస్తోందంటే ఆ కొన్ని చెట్లలో నెలల తరబడి బతకడానికి సరిపడా ఉందనీ, అది పంచుకునేంత లేదనీ ఆ పక్షి తేల్చుకుందన్నమాట. సలీం అలీ చెప్పిన ఉదాహరణ ఒకటి ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. బొంబాయి శివార్లలో ఒక ఇంటి ముందున్న చిన్న పచ్చిక చెక్కకి, కాలికి గుర్తు వేసిన ఒకే గ్రే వాగ్‌టెయిల్ ఏటేటా తిరిగి వచ్చేది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి ఒక ఊరికో అడవికో కాదు, ఒక పచ్చిక చెక్కకి చేరడమంటే చోటు గురించిన జ్ఞాపకం ఆ పక్షికి ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు.

ఇక ఈకలు. పక్షి ఈక పెరిగాక నిర్జీవ పదార్థమే. మన గోళ్లలాగే కెరాటిన్‌తో తయారైనది, చిరిగితే మానదు. ఎండకి రంగు వెలుస్తుంది, ముళ్ల పొదల్లో అంచులు అరుగుతాయి. అందుకే చాలా పక్షులు ఏడాదికోసారైనా పాతవి రాల్చి కొత్తవి మొలిపించుకోవాలి. ఇది ఖరీదైన పని. బోలెడంత ప్రొటీన్ కావాలి, పైగా రెక్కలో ఖాళీలున్నన్నాళ్లు ఎగరడం కష్టం, డేగకి దొరకడం తేలిక. పుట్టినచోట గూటిపని, వలస, ఈకల మార్పిడి మూడూ ఒకే కొద్ది నెలల్లో కుదరవు. అందుకని గ్రీనిష్ వార్బ్లర్ తన రెక్కల ఈకలని చలికాలపు నెలవులో మార్చుకుంటుంది. ఏప్రిల్‌లో హిమాలయాలు దాటి ఉత్తరానికి మోసుకుపోయే రెక్కలు దక్కను గొంగళిపురుగులతోనూ సాలెపురుగులతోనూ తయారైనవే. దక్షిణాన ముండంతురై అడవుల్లో మధుసూదన్ కట్టి, ప్రైస్ కలిసి ఇవే పిట్టల ఒంట్లో కొవ్వు నిల్వలని కొలిచి 1999లో ప్రచురించిన వ్యాసం ఇంకో సంగతి చెప్పింది. ఆ నిల్వలు ఏటా ఒకేలా ఉండవు. వానల తీరుని బట్టి పురుగుల లభ్యత మారుతుంది, దానితోపాటు పక్షి దాచుకునే కొవ్వూ మారుతుంది. ఉష్ణమండలంలో చలికాలం పక్షికి సుఖవాసం అన్న అభిప్రాయానికి ఇది గట్టి దెబ్బ. ఇక్కడ మంచు ఉండకపోవచ్చు గానీ కరువు ఉంటుంది.

చలికాలపు చోటు మంచిదైనా కాకపోయినా వసంతానికి అంతా సర్దుకుంటుందేమో కదా అని అడగవచ్చు. దీనికి జవాబు అమెరికా నుంచి వచ్చింది. అమెరికన్ రెడ్‌స్టార్ట్ అనే వార్బ్లర్ వేసవిలో ఉత్తర అమెరికా అడవుల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి కరీబియన్ దీవులకు పోతుంది. జమైకాలో కొన్ని తడిగా ఉండే మడ అడవుల్లో, మరికొన్ని ఎండిన తుప్పల్లో గడుపుతాయి. బలమైనవి మంచి చోటు పట్టుకుని మిగిలినవాటిని తుప్పల్లోకి నెడతాయి. ఆడపక్షుల్లో చాలావాటికి దక్కేది తుప్పలే. అయితే న్యూహాంప్‌షైర్ అడవిలో మే నెలలో వాలిన పక్షి జమైకాలో ఎక్కడ గడిపిందో ఎలా కనుక్కోవడం? పీటర్ మార్రా, కీత్ హాబ్సన్, రిచర్డ్ హోమ్స్ 1998లో కార్బన్ ఐసోటోపుల సాయంతో ఈ ముడి విప్పారు. నీటి ఎద్దడిలో పెరిగే మొక్కల్లో బరువైన కార్బన్ పాలు కాస్త ఎక్కువగా ఉంటుంది. ఆ ఆకు తిన్న పురుగులోకి, ఆ పురుగుని తిన్న పక్షి ఒంట్లోకి ఆ తేడా చేరుతుంది, అక్కడ వారాల తరబడి నిలుస్తుంది. లెక్క తీస్తే, తడి చోట చలికాలం గడిపిన పక్షులు ముందుగా బయల్దేరి ముందుగా చేరుతున్నాయి. ఎండిన తుప్పల్లోంచి వచ్చినవి ఆలస్యంగా, బక్కచిక్కి వస్తున్నాయి. 2004లో ప్రచురితమైన కెనడా పరిశోధన ఇంకో అడుగు వేసింది. మంచి చలికాలపు నెలవు నుంచి వచ్చిన ఆడపక్షుల గూళ్లలోంచి పిల్లలు ముందుగా, ఎక్కువ సంఖ్యలో ఎగురుతున్నాయని తేల్చింది. జనవరిలో తిన్న తిండి జూన్‌లో గూటిలో కనబడుతోందన్నమాట. అది వేరే ఖండం, వేరే పక్షి, నిజమే. గ్రీనిష్ వార్బ్లర్ విషయంలో అచ్చంగా అదే జరుగుతోందని అనడం తొందరపాటు. కానీ ఆ తర్కానికి ఆధారమైన మూడు సంగతులు, అంటే చలికాలపు హద్దులు, ఎండిన చోటికీ తడి చోటికీ తిండిలో తేడా, కొవ్వు మీద దాని ప్రభావం, దక్కనుకీ ఉన్నాయి. కాబట్టి తిరుగు రుజువు వచ్చేదాకా, ఇక్కడి చోటు బాగోగులు అక్కడి గూటికి తగులుతాయని అనుకోవడమే సబబు.

ఇప్పుడు మళ్లీ కేబీఆర్ పార్కు దగ్గరికి వద్దాం. సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల నేల. ఒకప్పుడు నిజాం కుటుంబపు చిరాన్ ప్యాలెస్ ఆవరణ, 1998లో జాతీయ ఉద్యానమైంది. గుండ్రాళ్లు, సీతాఫలం పొదలు, రేగు, తుమ్మ, మోదుగ, వేప కలిసిన ఆకురాల్చే తుప్పల అడవి. నగరం కమ్మేయక ముందు ఈ గుట్టలన్నీ ఇలాగే ఉండేవి. ఇక్కడ నూటనలభై దాకా పక్షి జాతులు ఉన్నాయని చెబుతుంటారు. ఈ అంకె మీద నాకు తగాదా లేదు. దాన్ని వాడే తీరు మీదే. జాతుల జాబితా ఒక్కసారి కనిపించిన పక్షికీ, ఏడు నెలలు కాపురమున్న పక్షికీ ఒకే మార్కు వేస్తుంది. పైగా అది ఎప్పుడూ పెరుగుతుందే గానీ తగ్గదు. పార్కు సగం ఎండిపోయినా, పొదలన్నీ నరికేసినా, పదేళ్ల కిందట చేరిన పేరు జాబితాలో భద్రంగా ఉంటుంది. జాతులు కాకుండా పక్షుల సంఖ్యే లెక్కపెడదామంటే అక్కడా ఒక గుంట ఉంది. 1983లో బియాట్రిస్ వాన్ హార్న్ అనే శాస్త్రవేత్త చాలామందిని ఇబ్బంది పెట్టిన వ్యాసం ఒకటి రాశారు. ఒకచోట జీవులు గుమిగూడి ఉన్నంత మాత్రాన ఆ చోటు మంచిదని అనుకోవద్దన్నది దాని సారం. బలమైనవి మంచి చోట పెద్ద హద్దులు కాసుకుంటే, ఓడినవన్నీ నాసిరకం చోట కిక్కిరిసి ఉండవచ్చు. చుట్టూ ఉన్న గుట్టలన్నీ మేడలైతే మిగిలిన ముక్కలోకి పక్షులు తోసుకురావచ్చు. అది పార్కు గొప్పదనం కాదు, పరిసరాల దుస్థితి. నవంబరులో కేబీఆర్‌లో వార్బ్లర్ పిలుపులు దండిగా వినిపిస్తున్నాయంటే, ఈ రెండు కారణాల్లో ఏది అన్నది ఆ నవంబరు లెక్క చెప్పలేదు.

ఒక్కసారి చూసి పోయే లెక్కకి ఈ పరిమితి కొత్తదేం కాదు. నిజాం రాజ్యపు పక్షుల మీద తొలి పద్ధతి ప్రకారపు సర్వేని సలీం అలీ 1931–32లో చేశారు. దాని ఫలితాలు 1933–34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో, హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కలిసి, భాగాలుగా వెలువడ్డాయి. తెలంగాణ పక్షుల గురించి ఎవరు రాసినా అక్కడికి వెళ్లి రావాల్సిందే. కానీ అది గుడారం నుంచి గుడారానికి సాగిన సర్వే. ఒక చోట కొన్నాళ్లు, తర్వాత ఇంకో చోట. ఏ పక్షి ఎక్కడ ఉందో అది చెబుతుంది, ఎక్కడ నిలిచిందో చెప్పదు. ఆ పని దాని ఉద్దేశం కూడా కాదు. మన కాలపు జనవిజ్ఞానం ఎంతో విస్తరించింది. 2013 నుంచి మన దేశంలోనూ ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతోంది. చెరువుల మీద నీటి పక్షుల లెక్క 1987 నుంచి ప్రతి జనవరిలోనూ సాగుతోంది. 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల నుంచి 2023లో దేశపు పక్షుల స్థితి నివేదిక వచ్చింది. 942 జాతులని పరిశీలించిన ఆ నివేదిక, దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయనీ, ఇటీవలి ఏటేటి ధోరణి తేల్చగలిగిన 359లో 40 శాతం తగ్గుతూ ఉన్నాయనీ చెప్పింది. పురుగుల మీద బతికే పక్షుల తగ్గుదలని ప్రత్యేకంగా ఎత్తిచూపింది. దేశం మొత్తానికి ఇది వెలకట్టలేని చిత్రం. ఒక పార్కు యజమాని మాత్రం దీన్ని చూసి, రేపు పొద్దున్న ఏ పొద కొట్టకూడదో తెలుసుకోలేడు. దేశపు ధోరణికీ ఒక్క పొదకీ మధ్య ఇంకో లెక్క ఒకటి కావాలి.

ఆ మధ్య లెక్కే నిలకడ. పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. పార్కులో కొన్ని మూలలు ఎంచుకోవాలి: నీడగా పొదలున్నది ఒకటి, బండల మధ్య ఎండినది ఒకటి, ఎక్కడైనా నీళ్లు కారి తడిగా ఉండేది ఒకటి, నడకదారి పక్కన ఊడ్చి శుభ్రం చేసినది ఒకటి. అక్టోబరు నుంచి మార్చి చివరిదాకా వారానికోసారి ఒకే వేళకి, ఒక్కో మూలలో అంతే సేపు నిలబడి, వినిపించిన కనిపించిన ప్రతి పక్షినీ రాయాలి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయాలి. పక్షులు చూసేవాళ్లకి అన్నిటికంటే కష్టమైన పని ఇదేననుకుంటాను; అరుదైన పిట్ట కోసం నగరం దాటి పోయేవాళ్లు కూడా సున్నా రాయడానికి బద్ధకిస్తారు. కేబీఆర్ లాంటి అడవిలో ఈ వారాల వరస ఎందుకు ముఖ్యమంటే, అక్కడి చలికాలం ఒకటి కాదు, రెండు. నైరుతి వానలు వెళ్లిన కొత్తలో, అక్టోబరు నవంబరుల్లో, అడవి అంతా పచ్చగా ఉంటుంది. ఆకు ఉన్నచోటల్లా పురుగు ఉంటుంది. ఆ కాలంలో మంచి మూలకీ చెడ్డ మూలకీ తేడా పెద్దగా తెలియదు, వార్బ్లర్లు అంతటా ఉంటాయి. డిసెంబరు దాటాక ఆకు రాలడం మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి నాటికి సీతాఫలం పొదలు పుల్లలుగా మిగులుతాయి. అప్పుడు పురుగులు ఆకు నిలుపుకునే చెట్ల మీదికీ, నీడలోని పొదల్లోకీ, రాలిన ఆకుల కిందికీ సర్దుకుంటాయి. ఫిబ్రవరి రెండో వారంలో కూడా వార్బ్లర్ తన హద్దు వదలకుండా పిలుస్తోందంటే, ఆ మూల కరువులో నిలిచినట్టు. నవంబరులో పది పిలుపులు వినిపించి ఫిబ్రవరిలో ఒక్కటీ లేని మూల, చూడటానికి ఎంత అందంగా ఉన్నా, చలికాలపు నెలవు కాదు. నవంబరు లెక్కని ఫిబ్రవరి లెక్కతో పోల్చిన నిష్పత్తి, వాన్ హార్న్ చెప్పిన గుంటలో పడకుండా మనల్ని కొంతవరకైనా కాపాడుతుంది. ఇరుకులో తోసుకొచ్చిన పక్షులు తిండి తగ్గగానే ముందుగా ఖాళీ చేస్తాయి కాబట్టి.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. వినిపించకపోవడం అంటే లేకపోవడమేనా? హద్దులు ఖరారయ్యాక పక్షికి అరవాల్సిన అవసరం తగ్గుతుంది. ఈకలు మారుతున్నప్పుడు అది పొదలో ఒదిగి ఉంటుంది. దానికి తోడు పార్కు చుట్టూ వాహనాల రొద. కాబట్టి ఫిబ్రవరి నిశ్శబ్దానికి పక్షి వెళ్లిపోవడం కాకుండా వేరే కారణాలూ ఉండవచ్చు. ఈ అభ్యంతరం సరైనదే, అందుకే ఒక్క మూల అంకెని విడిగా చూడకూడదు. పక్షి స్వభావం వల్ల పిలుపులు తగ్గితే అన్ని మూలల్లోనూ ఇంచుమించు ఒకే మేరకు తగ్గాలి. తడి మూలలో కాస్తే తగ్గి, ఊడ్చిన మూలలో పూర్తిగా పోతే ఆ తేడాకి కారణం మూలలోనే వెతకాలి. రొద సంగతి తేల్చాలంటే ఏడాది పొడుగునా అక్కడే ఉండే పిగిలిపిట్టల, గోరింకల లెక్కని పక్కన పెట్టుకోవాలి. మన చెవికి అవి వినిపిస్తున్నంత కాలం వినడంలో లోపం మరీ పెద్దది కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది, దీన్ని దాటవేయలేం. అన్ని వలస పక్షులకీ నిలకడ కొలమానం కాదు. నవరంగ్ పిట్టా అనే రంగురంగుల నేలపిట్ట ఉత్తర, మధ్య భారతాల్లో వానకాలంలో పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికి పోతుంది. ఉపఖండం దాటని ఈ వలస పక్షికి హైదరాబాదు ఎక్కువగా దారిమధ్య మజిలీ. అది రెండు రోజులుండి పోయిందని పార్కుకి మార్కులు తగ్గించడం అన్యాయం. మజిలీ పక్షి విషయంలో అడగాల్సింది వేరు: ఆ రెండు రోజుల్లో రాలిన ఆకులు తిరగేసి పురుగులు ఏరుకోవడానికి దానికి నేల మిగిలిందా? నిలకడ లెక్క హద్దులు కాసే పక్షులకే చెల్లుతుంది, అదీ వాటి చలికాలపు నెలవులోనే.

అసలు ఇంత చిన్న ముక్క గురించి ఇంత చర్చ అవసరమా అనేవాళ్లూ ఉంటారు. వలస పక్షుల జనాభా కోట్లలో ఉంటుంది, ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు ఆ లెక్కలో కనిపించదు కూడా. పెద్ద అడవుల్ని కాపాడితే చాలదా? చాలదనను, అవే ముఖ్యమని ఒప్పుకోవాలి. అయితే ఈ వాదన పక్షి కొలతని వదిలేసి మన పటం కొలతతో మాట్లాడుతోంది. కొన్ని చెట్లతో చలికాలం గడిపే పిట్టకి ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు చిన్నది కాదు, అందులో ఎన్నో హద్దులు పడతాయి. పెద్దపులి విషయంలో ఈ మాట అనలేం. నగర పార్కు పులికి పనికిరాదు, వార్బ్లర్‌కి పనికొస్తుంది. చిన్న ముక్కకి అసలు ముప్పు వైశాల్యంలో కంటే అంచులో ఉంది. వేడి, దుమ్ము, రాత్రి దీపాలు అంచు నుంచే లోపలికి వస్తాయి, ముక్క చిన్నదయ్యేకొద్దీ అంచు వాటా పెరుగుతుంది. 2020 నాటి నోటిఫికేషన్‌లో ఈ పార్కు చుట్టూ పర్యావరణ సున్నిత మండలం 3 మీటర్ల నుంచి 30 మీటర్ల లోపే మిగిలింది. అంటే బయటి నుంచి వచ్చే ఒత్తిడిని ఆపే పని దాదాపు అంతా లోపలి చెట్ల మీదే పడింది. అలాంటప్పుడు పార్కులోపల అంచు పొదలు ఎలా ఉన్నాయన్నది చిన్న విషయం కాదు. నిలకడ లెక్కలో ఒక మూలని అంచున, ఒక మూలని నడిమధ్యన పెట్టుకుంటే ఆ ఒత్తిడి ఎంత లోపలిదాకా వస్తోందో కూడా తెలుస్తుంది.

మిగిలింది మనుషుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం, దీన్నే నేను అన్నిటికంటే గౌరవంగా తీసుకుంటాను. పార్కు జనం ఊపిరి పీల్చుకోవడానికి ఉంది. పొదలు దట్టంగా ఉంటే పాములుంటాయని భయం, ఒంటరిగా నడిచే ఆడవాళ్లకి చాటు కనబడితే ఇంకో రకం భయం, రాలిన ఆకులు కుప్పపడితే వేసవిలో నిప్పు భయం. ఇవేవీ ఊహలు కావు. అయితే ఈ భయాలన్నీ నడకదారి పొడుగునా కొన్ని మీటర్ల మేరకే వర్తిస్తాయి. ఆ మేరకి చదును చేయండి, ఊడ్వండి, కాపలా పెట్టండి. చిక్కంతా అదే చీపురు, అదే కత్తి మనిషి అడుగుపెట్టని లోపలి భాగానికి కూడా శుభ్రత పేరుతో వెళ్లినప్పుడు వస్తుంది. అక్కడ ఊడ్చిన ఆకులతో పాటు ఫిబ్రవరిలో పక్షి తినాల్సిన సాలెపురుగులూ, చీడపురుగుల గుడ్లూ, పొరల కింది తేమా పోతాయి. నిప్పు భయానికి కూడా మార్గాలున్నాయి. లోపల అంతా ఊడ్చే బదులు, నిప్పు పాకకుండా సన్నటి ఖాళీ గీతలు తీయడం అటవీశాఖకి ఎప్పటినుంచో తెలిసిన పనే. పొదలు కొట్టేదైనా మార్చి చివరిదాకా ఆగితే, వార్బ్లర్ కరువు నెలలు దాటిపోతాయి.

నిలకడ లెక్క అంతా చేసినా తేలని సంగతి ఒకటి మిగులుతుంది. ఏప్రిల్‌లో వెళ్లిన పక్షి చేరాల్సిన చోటికి చేరిందా? దానికి ఇప్పటికి ఉన్న సాధనాలు పరిమితమే. కాలికి వేసే గుర్తులు పనికొస్తాయి గానీ, ఇంత చిన్న పక్షి రెండోసారి మనిషి చేతికి చిక్కడం అరుదు. ఈకల ఐసోటోపులు ఇంకో దారి. ఈక పెరిగినప్పుడు ఆ చోటి వాననీటిలోని హైడ్రోజన్ తీరు దానిలో ముద్రపడుతుంది, పెరిగాక మారదు. అందువల్ల జూన్‌లో సైబీరియాలో పట్టుకున్న వార్బ్లర్ రెక్క ఈకని పరీక్షిస్తే, అది ఏ ప్రాంతంలో మొలిచిందో స్థూలంగా చెప్పే వీలుంది. స్థూలంగా అంటే వందల కిలోమీటర్ల తేడాతో. దక్కను అని చెప్పవచ్చునేమో గానీ కేబీఆర్ పార్కా, కొత్తగూడ బొటానికల్ గార్డెనా, వనస్థలిపురంలోని హరిణ వనస్థలా అని ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ఆ మూడింటిలో ఏది ఫిబ్రవరి దాటిస్తుందో తెలియాలంటే మూడు చోట్లా ఒకే ఏడాది, ఒకే పద్ధతిలో, వారం వారం లెక్క నడవాలి. అందులో సున్నాలు కూడా ఉండాలి.